న్యూట్రాన్‌కి ఆవేశమే లేదు కదా, మరి పరమాణువులో దాని పనేంటి?

కూకట్‌పల్లి నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. "ప్రోటాన్‌కి ప్లస్, ఎలక్ట్రాన్‌కి మైనస్, రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అంతవరకూ బాగానే ఉంది. మధ్యలో ఏ ఆవేశమూ లేని ఈ న్యూట్రాన్ ఎందుకు? తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగిందట. కాలేజీలో అడిగితే "బరువు కోసం" అన్నారట. అది సరైన జవాబేనా అని ఆయన సందేహం.

అది తప్పని అనలేం గానీ, అసలు సంగతి అందులో లేదు. న్యూట్రాన్లు తీసేస్తే హైడ్రోజన్ తప్ప మరో మూలకం మిగలదు. బంగారం, ఇనుము, మనం పీల్చే ఆక్సిజన్ ఏవీ ఉండవు. ఒక పరమాణువు ఏ మూలకమో చెప్పేది ప్రోటాన్ల సంఖ్య. అది దేనితో ఎలా కలుస్తుందో చెప్పేవి ఎలక్ట్రాన్లు. ఆ కేంద్రకం అసలు నిలబడుతుందా, నిలబడితే ఎంతకాలం అన్నది తేల్చేవి న్యూట్రాన్లు. ఈ మూడు ముక్కలూ పాపకి చెప్పండి. మిగతాదంతా వివరం.

నేను ఫిజిక్స్ ప్రొఫెసర్‌ని కాదు, ముందే చెప్తున్నాను. జీడిమెట్ల వైపు ఒక మందుల కంపెనీలో అనలిటికల్ ల్యాబ్‌లో పనిచేస్తాను. చేతికింద ఉండేది మాస్ స్పెక్ట్రోమీటర్. అది అణువుల బరువు చూసే యంత్రం కాబట్టి న్యూట్రాన్లతో నాకు రోజూ పనే. సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ పిల్లలు కెమిస్ట్రీ డౌట్లు పట్టుకొస్తారు. ఈ డౌట్ వాళ్ళూ అడిగారు.

ముందు కొలతలు

కొలతలు సరిగ్గా పట్టుబడకపోతే మిగతా ఏదీ అర్థం కాదు. పుస్తకాల్లో బొమ్మ గీసేటప్పుడు మధ్యలో గోళీలంత కేంద్రకం, చుట్టూ రెండు మూడు వలయాలు గీస్తారు. పేజీలో పట్టాలి కాబట్టి వేరే దారి లేదు. కానీ దానివల్ల పిల్లల మనసులో కేంద్రకం చాలా పెద్దదన్న భావం పడిపోతుంది. ఒక బంగారు పరమాణువుని మన ఔటర్ రింగ్ రోడ్డంత చేశామనుకోండి, అంటే ఈ చివర నుంచి ఆ చివరకి సుమారు 50 కిలోమీటర్లు. అప్పుడు దాని కేంద్రకం మధ్యలో చార్మినార్ దగ్గర ఆగిన ఒక ఆటో అంత ఉంటుంది. 79 ప్రోటాన్లూ 118 న్యూట్రాన్లూ ఆ ఆటోలోనే ఉంటాయి. బంగారం బరువులో 99.97 శాతం పైగా అందులోనే ఉంటుంది. ఎలక్ట్రాన్ బరువు ప్రోటాన్ బరువులో 1,836వ వంతే. అందుకే 79 ఎలక్ట్రాన్లు కలిసినా లెక్కలోకి రావు.

మిగతా చోటంతా ఖాళీ అంటుంటారు. నాకైతే ఆ మాట అంతగా నచ్చదు. అక్కడ ఎలక్ట్రాన్లు ఉన్నాయి. అయితే గ్రహాల్లా గీత మీద తిరగడం లేదు, ఆ మేరంతా మబ్బులా పరుచుకుని ఉన్నాయి. మన చెయ్యి గోడలోంచి దూరిపోకపోవడానికి కారణం కూడా ఈ ఎలక్ట్రాన్లే. ఈ ఒక్క విషయం మీదే గంట మాట్లాడొచ్చు గానీ, ప్రశ్న న్యూట్రాన్ గురించి కదా.

ప్లస్‌లన్నీ ఒకచోట ఎలా ఉన్నాయి?

అసలు చిక్కు ఇక్కడుంది. ప్రోటాన్లన్నీ ధనావేశాలు. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయని పదో తరగతి లోపే చదివేస్తాం. ఆ తోపు ఎంతో లెక్కేస్తే గుండె గుభేలుమంటుంది. కేంద్రకంలో పక్కపక్కనున్న రెండు ప్రోటాన్ల మధ్య దూరం సుమారు 2 ఫెర్మీలు, అంటే 2×10⁻¹⁵ మీటర్లు. ఆవేశాల మధ్య బలాన్ని లెక్కగట్టే కూలుంబ్ సూత్రంలో వేస్తే దాదాపు 58 న్యూటన్ల బలం వస్తుంది. ఆరు కిలోల బియ్యం సంచి చేత్తో పట్టుకుంటే కిందికి లాగే బలం అది. అంత బలం 10⁻²⁷ కిలోల స్థాయి బరువున్న కణం మీద పడుతోంది. గురుత్వాకర్షణ పట్టి ఉంచుతుందేమో అనుకుంటే, అది ఈ తోపుతో పోలిస్తే 10³⁶ రెట్లు బలహీనం. కాబట్టి అది పక్కన పెట్టేయొచ్చు.

మరి పట్టి ఉంచేది ఏది? దాన్ని బలమైన కేంద్రక బలం అంటారు. దానికి రెండు లక్షణాలు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి, అది ఆవేశం చూడదు. ప్రోటాన్ అయినా న్యూట్రాన్ అయినా దానికి దాదాపు ఒకటే. రెండు, దాని చెయ్యి చాలా పొట్టి. ఒకటి రెండు ఫెర్మీల దూరంలో కూలుంబ్ తోపుని మించి లాగుతుంది, మూడు ఫెర్మీలు దాటితే దాదాపు ఏమీ ఉండదు. మరీ దగ్గరికి, అర ఫెర్మీ లోపలికి వస్తే మళ్ళీ తోసేస్తుంది. కేంద్రకం ఒక బిందువుగా కుంచించుకుపోకుండా ఉన్నది అందుకే.

ఇప్పుడు న్యూట్రాన్‌ని తీసుకురండి. దానికి లాగే బలం ఉంది, తోసే ఆవేశం లేదు. ఒక న్యూట్రాన్ వచ్చి చేరితే పట్టు పెరుగుతుంది గానీ తోపు పెరగదు. పైగా ప్రోటాన్లని ఒకదానికొకటి కొంచెం ఎడంగా ఉంచుతుంది కాబట్టి వాటి మధ్య తోపు తగ్గుతుంది. పాప "ఏ ఆవేశమూ లేనిది ఎందుకు" అంది కదా, ఆవేశం లేకపోవడమే దాని ఉపయోగం.

దీనికి రుజువు హీలియం దగ్గరే దొరుకుతుంది. రెండు ప్రోటాన్లు మాత్రమే ఉన్న కేంద్రకం ప్రకృతిలో నిలవదు. అలాంటిది ఏర్పడినా తక్షణం విడిపోతుంది. దానికి ఒక్క న్యూట్రాన్ చేర్చండి, హీలియం-3 అవుతుంది (పేరు పక్కనున్న అంకె ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపిన సంఖ్య). అది స్థిరం. ఇంకొకటి చేర్చండి, హీలియం-4. అది ఎంత గట్టిదంటే, పెద్ద కేంద్రకాలు విచ్ఛిన్నమయ్యేటప్పుడు కూడా ఈ నాలుగూ విడిపోకుండా ఒక ముద్దగానే బయటికొస్తాయి. మనం ఆల్ఫా కణం అనేది దాన్నే. విడివిడిగా రెండు ప్రోటాన్లూ రెండు న్యూట్రాన్లూ తూచి, తర్వాత హీలియం-4 కేంద్రకాన్ని తూస్తే, కలిసినది 0.7 శాతం పైచిలుకు తేలిక. ఆ తగ్గిన బరువే శక్తిగా బయటికి పోయింది. తిరిగి విడదియ్యాలంటే అంత శక్తీ మనం పెట్టాలి.

పెద్ద మూలకాలకి ఎక్కువ న్యూట్రాన్లు ఎందుకు?

ఈ ప్రశ్న పాప ఇంకా అడగలేదు గానీ, ఆవర్తన పట్టిక ముందు పెట్టుకుంటే తప్పకుండా అడుగుతుంది. కార్బన్-12లో 6 ప్రోటాన్లు, 6 న్యూట్రాన్లు. కాల్షియం-40లో 20, 20. అక్కడితో సమానత్వం ఆగిపోతుంది. కాల్షియం-40 దాటాక రెండూ సమానంగా ఉన్న స్థిరమైన కేంద్రకం ఒక్కటీ లేదు. ఇనుము-56లో 26కి 30. సీసం-208లో 82కి 126. యురేనియం-238లో 92కి 146, అంటే ఒకటిన్నర రెట్లు దాటింది.

కారణం ఆ పొట్టి చెయ్యే. పెద్ద కేంద్రకంలో ఒక ప్రోటాన్ తన చుట్టూ ఉన్న కొద్దిమందినే బలమైన బలంతో పట్టుకోగలదు. కానీ కూలుంబ్ తోపుకి దూరంతో అంత పట్టింపు లేదు. ఆ మూలనున్న ప్రోటాన్ ఈ మూలనున్నదాన్ని కూడా తోస్తుంది. ప్రోటాన్లు పెరిగేకొద్దీ తోపు గబగబా పెరుగుతుంది, పట్టు నెమ్మదిగా పెరుగుతుంది. ఆ లోటు న్యూట్రాన్లతో పూడ్చాలి. సీసం దాటాక ఎన్ని న్యూట్రాన్లతో పూడ్చినా చాలదు. 83వ నంబరు బిస్మత్‌ని చాలాకాలం స్థిరమనే అనుకున్నారు. 2003లో అదీ విచ్ఛిన్నమవుతోందని తేల్చారు. దాని అర్ధాయువు, అంటే సగం పరమాణువులు విచ్ఛిన్నమవడానికి పట్టే కాలం, విశ్వం వయసుకి వంద కోట్ల రెట్లకి పైన కాబట్టి ఆచరణలో స్థిరమనుకున్నా నష్టం లేదు.

మధ్యలో ఒక వింత కూడా ఉంది. 43వ నంబరు టెక్నీషియం. చుట్టూ ఉన్న మూలకాలన్నీ బుద్ధిగా స్థిరంగా ఉంటే, దీనికి ఎన్ని న్యూట్రాన్లు పెట్టినా స్థిరమైన రూపం లేదు. నగరంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఎముకల స్కాన్, థైరాయిడ్ స్కాన్ చేసేటప్పుడు ఎక్కించే మందులో తరచుగా ఉండేది టెక్నీషియం-99ఎం. దాని అర్ధాయువు 6 గంటలు. అందుకే దాన్ని స్టాకు పెట్టుకుని కూర్చోలేరు. ఎప్పటికప్పుడు తయారుచేసుకుని వాడాలి.

మరి న్యూట్రాన్లు ఎక్కువైతే ఇంకా మంచిదే కదా?

కాదు. ఇక్కడ చాలామంది తడబడతారు. పట్టు పెంచేది న్యూట్రానే అయితే అవే కుప్పపోస్తే సరిపోదా అని.

న్యూట్రాన్ ప్రోటాన్ కంటే కొంచెం బరువు ఎక్కువ, రెండున్నర ఎలక్ట్రాన్ల బరువంత. చూడ్డానికి చిన్న తేడానే గానీ దాని ఫలితం పెద్దది. కేంద్రకం బయట ఒంటరిగా వదిలేసిన న్యూట్రాన్ సగటున సుమారు 880 సెకన్లు బతుకుతుంది, అంటే పావుగంట కూడా కాదు. తర్వాత ప్రోటాన్‌గా మారిపోతుంది. మారేటప్పుడు ఒక ఎలక్ట్రాన్‌ని, ప్రతి-న్యూట్రినో అనే ఆవేశం లేని అతి తేలికైన కణాన్ని వదులుతుంది. కేంద్రకం లోపల ఉన్నప్పుడు అలా మారాలంటే కొత్త ప్రోటాన్‌కి అక్కడ చోటు దొరకాలి, శక్తి లెక్క కలిసిరావాలి. మామూలు కేంద్రకాల్లో అది కలిసిరాదు, అందుకే న్యూట్రాన్ అక్కడ కోట్ల ఏళ్ళు చెక్కుచెదరకుండా ఉంటుంది. న్యూట్రాన్లు మరీ ఎక్కువైతే మాత్రం కింది శక్తి స్థాయిలన్నీ నిండిపోయి కొత్తవి పై స్థాయిల్లో కూర్చోవాలి. అప్పుడు ప్రోటాన్‌గా మారిపోవడమే లాభం. దీన్నే బీటా విచ్ఛిత్తి అంటారు.

కార్బన్-14 అలాంటిదే. 6 ప్రోటాన్లకి 8 న్యూట్రాన్లు. 5,730 ఏళ్ళలో సగం పరమాణువులు నైట్రోజన్‌గా మారిపోతాయి. హైడ్రోజన్‌లో ఒక ప్రోటాన్‌కి రెండు న్యూట్రాన్లు పెడితే ట్రిటియం. దాని అర్ధాయువు 12.3 ఏళ్ళే. మన ఒంట్లో ఉన్న పొటాషియంలో కూడా పదివేల పరమాణువులకి సుమారు ఒకటి పొటాషియం-40, అది నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూనే ఉంటుంది. దానికోసం అరటిపళ్ళు మానేయనక్కర్లేదు. ఒంట్లో పొటాషియం ఎంత ఉండాలో శరీరమే చూసుకుంటుంది.

1932 దాకా న్యూట్రాన్ లేకుండానే సర్దుకున్నారు

ఎలక్ట్రాన్‌ని జె.జె.థామ్సన్ 1897లో గుర్తించాడు. కేంద్రకం ఉందని రూథర్‌ఫర్డ్ 1911లో తేల్చాడు. ప్రోటాన్ సంగతి 1919-20 నాటికి స్పష్టమైంది. మరి హీలియం బరువు నాలుగు హైడ్రోజన్లంత ఉండి, ఆవేశం రెండే ఎందుకుంది? అప్పటివాళ్ళ సర్దుబాటు ఏంటంటే, కేంద్రకంలో నాలుగు ప్రోటాన్లున్నాయి, వాటిలో రెండింటి ఆవేశాన్ని కొట్టేయడానికి రెండు ఎలక్ట్రాన్లు కూడా లోపలే ఉన్నాయి అని. వినడానికి బాగానే ఉంది. బరువూ కలుస్తుంది, ఆవేశమూ కలుస్తుంది.

దాన్ని దెబ్బకొట్టింది నైట్రోజన్. ఆ లెక్క ప్రకారం నైట్రోజన్-14 కేంద్రకంలో 14 ప్రోటాన్లు, 7 ఎలక్ట్రాన్లు, మొత్తం 21 కణాలుండాలి. బేసి సంఖ్య. బేసి సంఖ్య కణాలున్న కేంద్రకం ఒకలా, సరి సంఖ్య ఉన్నది ఇంకోలా ప్రవర్తిస్తుంది. సి.వి.రామన్ 1928లో కనిపెట్టిన ప్రభావం వాడి, మరుసటి ఏడాదే నైట్రోజన్ వాయువు వర్ణపటాన్ని తీశారు. అందులోని గీతల బలాబలాలు చూస్తే నైట్రోజన్ కేంద్రకం సరి సంఖ్య కణాలున్నట్టే ఉంది. 7 ప్రోటాన్లు, 7 న్యూట్రాన్లు అంటే 14, లెక్క కుదిరిపోతుంది. కానీ అప్పటికి న్యూట్రాన్ ఎవరి చేతికీ చిక్కలేదు. ఆవేశం లేనిది కాబట్టి ఏ పరికరంలోనూ జాడ వదలదు.

1932లో కేంబ్రిడ్జ్‌లో జేమ్స్ చాడ్విక్ దాన్ని పరోక్షంగా పట్టుకున్నాడు. బెరీలియం మీద ఆల్ఫా కణాలు కొడితే ఏదో కిరణం వస్తోంది. దాన్ని మైనం మీదికి పంపితే మైనంలోంచి ప్రోటాన్లు ఎగిరిపడుతున్నాయి. పారిస్‌లో జోలియో-క్యూరీ దంపతులు అదే చూసి గామా కిరణాలనుకున్నారు. చాడ్విక్ ఎగిరిపడ్డ ప్రోటాన్ల వేగం కొలిచి, గుద్దినది ప్రోటాన్ అంత బరువున్న కణమై ఉండాలని లెక్కగట్టాడు. మూడేళ్ళకి నోబెల్ వచ్చింది. పాపకి మైనం ఎందుకు వాడారో అడగండి. మైనంలో హైడ్రోజన్ ఎక్కువ, హైడ్రోజన్ కేంద్రకమంటే ఒంటరి ప్రోటాన్. దాదాపు సమాన బరువున్నవి ఢీకొన్నప్పుడే వేగం పూర్తిగా ఒకదాన్నుంచి ఇంకోదానికి బదిలీ అవుతుంది.

మా ల్యాబ్‌లో న్యూట్రాన్ ఎలా కనబడుతుంది

సెట్రిజిన్ తెలుసు కదా, జలుబుకీ దురదకీ వేసుకునే మాత్ర. ఆ అణువులో ఒక క్లోరిన్ ఉంది. దాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపితే, ఒక ప్రోటాన్‌ని తగిలించుకుని 389 దగ్గర ఒక పెద్ద గీతగా కనిపిస్తుంది. పక్కనే 391 దగ్గర దాని ఎత్తులో మూడో వంతు గీత ఇంకొకటి. రెండూ సెట్రిజినే. తేడా క్లోరిన్‌లోని రెండు న్యూట్రాన్లు. ప్రకృతిలో క్లోరిన్ పరమాణువుల్లో సుమారు 76 శాతానికి 18 న్యూట్రాన్లు, మిగతా 24 శాతానికి 20. ఈ మూడు-ఒకటి జంట గీతలు కనబడ్డాయంటే అణువులో ఒక క్లోరిన్ ఉన్నట్టే. తెలియని మలినం ఏదో దొరికినప్పుడు మేం మొదట వెతికేది ఈ జంటనే. డైక్లోఫినాక్‌లో రెండు క్లోరిన్లు కాబట్టి మూడు గీతలు, 9:6:1 నిష్పత్తిలో వస్తాయి. పుస్తకంలో క్లోరిన్ పరమాణు భారం 35.45 అని చూసి అరముక్క న్యూట్రాన్ ఎక్కడుందని పిల్లలు అడుగుతారు. 35.45 బరువున్న క్లోరిన్ పరమాణువు లోకంలో ఒక్కటీ లేదు. అది సగటు.

సెట్రిజిన్‌లోనే 390 దగ్గర ఇంకో చిన్న గీత ఉంటుంది. అందులో 21 కార్బన్లున్నాయి. కార్బన్‌లో 1.1 శాతం కార్బన్-13. 21లో ఏదో ఒకదానికి ఒక న్యూట్రాన్ ఎక్కువ ఉండే అవకాశం బాగానే ఉంది, అదే ఆ గీత.

అసలు గమనించాల్సింది ఇంకోటి. మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ముందు ద్రావణం ఒక కాలమ్ గుండా పోతుంది. అది అణువుల్ని వాటి రసాయన స్వభావం బట్టి వేరుచేసి ఒక్కొక్కదాన్ని ఒక్కో సమయానికి దింపుతుంది. క్లోరిన్-35 ఉన్న సెట్రిజినూ క్లోరిన్-37 ఉన్న సెట్రిజినూ ఒకే క్షణంలో దిగుతాయి. కాలమ్‌కి వాటి మధ్య తేడా తెలియదు. ఎందుకంటే కాలమ్ చూసేది ఎలక్ట్రాన్ల వ్యవహారం, రెండింటికీ ఎలక్ట్రాన్లు ఒకటే. న్యూట్రాన్లు మారితే బరువు మారుతుంది, రసాయన గుణం దాదాపు మారదు.

దాదాపు అన్నాను, ఎందుకంటే హైడ్రోజన్ దగ్గర ఈ మాట సడలుతుంది. మామూలు హైడ్రోజన్‌కి ఒక న్యూట్రాన్ చేరిస్తే డ్యుటీరియం. బరువు ఒక్కసారిగా రెట్టింపు. క్లోరిన్‌కి రెండు న్యూట్రాన్లు చేరడం ఆరు శాతం తేడా, దీనికి నూరు శాతం. డ్యుటీరియం పెట్టిన అణువు మా కాలమ్ మీద మామూలుదానికంటే కొంచెం ముందే దిగుతుంది. శరీరంలో కూడా తేడా కనిపిస్తుంది. కార్బన్-డ్యుటీరియం బంధాన్ని తెంచడం కాలేయంలోని ఎంజైములకి కొంచెం కష్టం. ఇదే సూత్రంతో టెట్రాబెనజిన్ అనే మందులో ఆరు హైడ్రోజన్ల స్థానంలో డ్యుటీరియం పెట్టి తయారుచేసిన డ్యూటెట్రాబెనజిన్‌కి 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. డ్యుటీరియం పెట్టిన మందుల్లో అనుమతి పొందిన మొదటిది అదే. శరీరంలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి తక్కువ మోతాదు సరిపోతుంది. పరమాణువుకి ఒక్కో న్యూట్రాన్ చేర్చినందుకు వచ్చిన ఫలితం అది.

తెలంగాణలోనే రెండు ఉదాహరణలు

మణుగూరులో భారజల కర్మాగారం ఉంది. భారజలం అంటే హైడ్రోజన్‌కి బదులు డ్యుటీరియం ఉన్న నీళ్ళు. మామూలు నీళ్ళలో ఆరేడు వేల హైడ్రోజన్లకి ఒకటే డ్యుటీరియం. నీళ్ళకీ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకీ మధ్య డ్యుటీరియం అటూ ఇటూ మారే తీరు ఉష్ణోగ్రతని బట్టి తేడాగా ఉంటుంది. ఆ చిన్న తేడాని మళ్ళీ మళ్ళీ వాడుకుని చిక్కబరుస్తారు. వచ్చేది మామూలు నీళ్ళకంటే 11 శాతం సాంద్రత ఎక్కువ, 3.8 డిగ్రీలకే గడ్డకడుతుంది. ఆ గడ్డ మామూలు నీళ్ళలో వేస్తే మునుగుతుంది. అణు రియాక్టర్‌లో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి దీన్ని వాడతారు. మామూలు నీళ్ళూ వేగం తగ్గిస్తాయి, కానీ వాటి హైడ్రోజన్ న్యూట్రాన్లని మింగేస్తుంది. డ్యుటీరియం దగ్గర ఒకటి అప్పటికే ఉంది, ఇంకోటి తీసుకోవడం చాలా అరుదు.

రెండోది మౌలాలి దగ్గరున్న న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్, 1971 నుంచి ఉంది. రియాక్టర్ ఇంధనాన్ని పెట్టే గొట్టాలకి అక్కడ జిర్కోనియం వాడతారు, ఎందుకంటే అది న్యూట్రాన్లని దాదాపు ముట్టుకోదు. చిక్కేంటంటే, ప్రకృతిలో జిర్కోనియం ఎక్కడున్నా దాంతోపాటు రెండు మూడు శాతం దాకా హాఫ్నియం అంటిపెట్టుకుని ఉంటుంది. ఒకటి 40వ నంబరు, ఇంకోటి 72. బయటి ఎలక్ట్రాన్ల అమరిక ఒకేలా ఉంటుంది, పరిమాణం కూడా దాదాపు అంతే. రసాయనంగా కవలలు. కేంద్రకాల విషయానికొస్తే హాఫ్నియం న్యూట్రాన్లని జిర్కోనియం కంటే సుమారు 600 రెట్లు ఎక్కువగా మింగుతుంది. కాబట్టి దాన్ని పదివేలలో ఒక వంతు స్థాయికి తగ్గించాలి. అందుకు ట్రైబ్యుటైల్ ఫాస్ఫేట్ అనే ద్రావకంతో మళ్ళీ మళ్ళీ కడిగి విడదీస్తారు. ఎలక్ట్రాన్లు ఒకేలా ఉండి కేంద్రకాలు వేరైతే ఎంత అవస్థో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

"ఆవేశం లేదు" అన్నదానికి చిన్న సవరణ

న్యూట్రాన్ లోపలంతా శూన్యం అనుకోకండి. ప్రోటాన్, న్యూట్రాన్ రెండూ క్వార్కులతో తయారైనవే. ప్రోటాన్‌లో రెండు అప్, ఒక డౌన్. న్యూట్రాన్‌లో ఒక అప్, రెండు డౌన్. అప్ క్వార్క్ ఆవేశం +2/3, డౌన్‌ది −1/3. కూడి చూడండి, ప్రోటాన్‌కి +1, న్యూట్రాన్‌కి సున్నా. అంటే న్యూట్రాన్‌లో ఆవేశాలున్నాయి, మొత్తం కలిస్తే కొట్టుకుపోతున్నాయి. అందుకే దానికి ఆవేశం లేకపోయినా అయస్కాంత గుణం ఉంది. ఇంటర్ స్థాయికి ఇంతకంటే అవసరం లేదు. ఎలక్ట్రాన్ లోపల మాత్రం ఇలాంటి ముక్కలేవీ ఇప్పటిదాకా కనబడలేదు.

ఎలక్ట్రాన్ బరువు లెక్కలోకి రాదని పైన అన్నాను కదా. మా పనిలో అదీ ఒక్కోసారి లెక్కలోకి వస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు సెట్రిజిన్ బరువుకి హైడ్రోజన్ పరమాణువు బరువు కలుపుతారు. నిజానికి తగులుకున్నది ఎలక్ట్రాన్ లేని హైడ్రోజన్, అంటే ప్రోటాన్. తేడా 0.00055. అది 389 దగ్గర పది లక్షలకి 1.4 వంతు. మంచి యంత్రం ఆ తేడాని చూపించేస్తుంది. యంత్రం క్యాలిబ్రేషన్ పోయిందని టెన్షన్ పడతారు, యంత్రం బాగానే ఉంటుంది.

పరీక్షలో ఏం రాయాలి?

న్యూట్రాన్ పాత్ర అడిగితే ఇలా రాయమనండి: న్యూట్రాన్లు బలమైన కేంద్రక బలానికి తోడ్పడి, ప్రోటాన్ల మధ్య వికర్షణని పెంచకుండా కేంద్రకానికి స్థిరత్వాన్నిస్తాయి, ద్రవ్యరాశి సంఖ్యలో భాగమవుతాయి, వాటి సంఖ్య మారితే ఐసోటోపులు వస్తాయి. "బరువు కోసం" అన్నది ఇందులో రెండో ముక్క. మార్కు పోదు గానీ మొదటి ముక్క రాకపోతే జవాబు కుంటుతుంది. ఐసోటోపులకి ఉదాహరణ ఇవ్వమంటే అందరూ రాసే హైడ్రోజన్‌తో పాటు క్లోరిన్ కూడా రాయమనండి, 35.45 ఎలా వచ్చిందో పక్కన ఒక వరుసలో చూపిస్తే బాగుంటుంది.

పాపకి ఒక లెక్క ఇస్తున్నాను. బ్రోమిన్‌లో 79, 81 రెండూ దాదాపు సగం సగం ఉంటాయి. ఒక అణువులో ఒక క్లోరిన్, ఒక బ్రోమిన్ ఉన్నాయి. మా యంత్రంలో ఎన్ని గీతలు రావాలి, ఏ నిష్పత్తిలో? కార్బన్-13 సంగతి పక్కన పెట్టేయమనండి. చేసి కింద రాస్తే చూసి చెప్తాను.